ఎంత తిరిగినా కళ్ళు తిరగని పాప: ఒక కేస్ స్టడీ

నేను పిల్లల ఫిజియోథెరపిస్ట్‌ని. ఈ కేసులో నేను రెండుసార్లు దారి తప్పాను. ఆ రెండు తప్పులూ ఈ వృత్తిలో ఎవరైనా తేలిగ్గా చేసేవే కాబట్టి వివరంగా రాస్తున్నాను. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. పాపను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. చికిత్సకు సంబంధించినవి మాత్రం జరిగింది జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

పాపకి ఏడేళ్లు. పుట్టుకతోనే రెండు చెవులూ వినపడవు. ఏడాది నిండకముందే ఆ సంగతి పరీక్షల్లో తేలింది. హియరింగ్ ఎయిడ్స్ పెట్టి చూశారు, పెద్దగా లాభం లేకపోయింది. మూడో ఏట కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (శబ్దాన్ని నేరుగా వినికిడి నరానికి అందించే పరికరం) వేశారు. నా దగ్గరికి వచ్చేనాటికి చిన్న చిన్న వాక్యాలు మాట్లాడుతోంది. ఇంట్లో మాటతో పాటు సైగల భాష కూడా వాడతారు. స్నానానికీ నిద్రకీ ప్రాసెసర్ (ఇంప్లాంట్‌కి శబ్దం అందించే, చెవి బయట పెట్టుకునే భాగం) తీసేస్తారు కాబట్టి ఆ వేళల్లో సైగలే.

మెడ నిలబెట్టింది ఆరో నెల దాటాక. ఆసరా లేకుండా కూర్చున్నది పదకొండో నెలలో. నడిచింది 22 నెలలకి. వాళ్ళమ్మ అప్పట్లో చాలామందిని అడిగింది. ప్రతిచోటా ఒకటే జవాబు: "వినపడని పిల్లలు కదా, అన్నీ కాస్త లేటవుతాయి." మొదటి రోజు నేను కూడా ఫైల్లో ఆ వాక్యం చదివి, సరేలే అనుకుని పేజీ తిప్పేశాను. ఆ మాట తప్పు. మాటలు లేటవడానికి వినికిడి లోపం కారణం కావచ్చు. నడక లేటయితే ఇంకేదో వెతకాలి. లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగం బాగున్న బధిర పిల్లలు చాలావరకు వేళకే నడుస్తారు.

ఏ సమస్యతో వచ్చారు

పడిపోతోంది. స్కూల్లో, ఇంట్లో కలిపి వారానికి మూడు నాలుగు సార్లు. రెండుసార్లు ఇంప్లాంట్ ఉన్న వైపే తల కొట్టుకుంది. ఇంప్లాంట్ పాడవుతుందేమోనన్న టెన్షన్‌తో ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) నా దగ్గరికి పంపారు. ఆ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. బ్యాలెన్స్ పోయిన పిల్లల్లో ఇంప్లాంట్ చెడిపోవడం ఎక్కువని పెద్ద ఇంప్లాంట్ కేంద్రాలు గమనించాయి. మాటిమాటికీ తలకి దెబ్బ తగలడమే అందుకు కారణం కావచ్చని వాళ్ళ అంచనా.

పడిపోవడంతో పాటు స్కూలు నుంచి ఇంకో చిట్టా వచ్చింది. నడుస్తుంటే కాళ్ళు నేలకేసి కొడుతుంది. బోర్డు మీదది ఎక్కించుకోలేదు, మధ్యలో లైను తప్పిపోతుంది. కుదురుగా కూర్చోదు, ఎప్పుడూ గోడకో బల్లకో ఆనుకునే ఉంటుంది. ఇంట్లో తలస్నానం అంటే యుద్ధమే. తల మీద నీళ్లు పడగానే వాళ్ళమ్మ మెడ పట్టుకుని వేలాడుతుంది. రాత్రి లైటు తీస్తే మంచం దిగదు. స్కూలు దృష్టిలో అది అశ్రద్ధ, ఇంట్లో వాళ్ళ దృష్టిలో మొండితనం.

మొదటి ప్రయత్నం: కాళ్ళకి బలం

పరీక్ష చేస్తే కండరాలు కొంచెం వదులుగా అనిపించాయి. తుంటి దగ్గర బలం వయసుకు తగ్గట్టు లేదు. కళ్ళు తెరిచి ఒంటికాలి మీద ఆరు సెకన్లు నిలబడింది. వదులు కండరాలు, బలహీనమైన తుంటి, ఆలస్యంగా వచ్చిన నడక: ఈ మూడూ ఒకచోట కనబడితే చెయ్యి దానంతటదే బలం పెంచే వ్యాయామాల వైపు వెళుతుంది. నాదీ అలాగే వెళ్ళింది. ఆరు వారాలు మెట్లు ఎక్కించాను, కూర్చోబెట్టి లేపించాను, గెంతించాను. పాప ఉత్సాహంగా చేసింది. ఒంటికాలి మీద నిలబడడం ఆరు నుంచి తొమ్మిది సెకన్లకి పెరిగింది. గెంతు బాగుపడింది.

పడిపోవడం మాత్రం తగ్గలేదు.

అప్పుడు చేసిన పని మొదటి రోజే చేయాల్సింది. ఒక నోటుబుక్కు ఇచ్చి, పడిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయమన్నాను: ఎక్కడ, ఎంత వెలుతురులో, ఎలాంటి నేల మీద, ఆ క్షణంలో ఏం చేస్తోంది. వాళ్ళమ్మా, టీచరూ ఓపిగ్గా మూడు వారాలు రాశారు. మొత్తం పదకొండు పడ్డాలు. తొమ్మిదింటిలో మూడు సందర్భాలే తిరిగి తిరిగి కనిపించాయి: చీకటి పడే వేళ, పరుపు లేదా ఇసుక లాంటి మెత్తటి చోటు, వెనక నుంచి ఎవరైనా భుజం తట్టగానే గభాలున తల తిప్పినప్పుడు. కాళ్ళలో బలం చాలక పడితే మెట్ల మీద పడాలి, పరిగెత్తి అలిసిపోయాక పడాలి. అలా ఒక్కసారి కూడా లేదు.

ఆ నోటుబుక్కు ముందు పెట్టుకుని నేను వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే పాప నా తిరుగుడు కుర్చీ ఎక్కింది. గోడని తన్నుకుంటూ గిరగిరా తిరిగింది. పది చుట్లో, పదిహేనో. కుర్చీ ఆగీ ఆగకముందే దిగి, నిటారుగా నడుచుకుంటూ వచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంది. ఒక్క అడుగు కూడా పక్కకి పడలేదు.

"చిన్నప్పటి నుంచీ అంతేనండీ" అంది వాళ్ళమ్మ, కొంచెం గర్వంగా. "అందరూ తూలి పడిపోతారు. దీనికి మాత్రం ఎంత తిరిగినా కళ్ళు తిరగవు."

అసలు విషయం

లోపలి చెవిలో వినికిడి భాగం, బ్యాలెన్స్ భాగం ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లాంటివి. రెండింటిలోనూ ఉండే ద్రవం ఒకటే. మెదడుకి వెళ్ళే నరం కూడా ఒకటే, ఎనిమిదో కపాల నాడి. ఒక వాటాలో నత్తగుల్ల లాంటి కాక్లియా ఉంటుంది. రెండో వాటాలో మూడు అర్ధవృత్తాకార నాళాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. నాళాలు తల ఎటు తిరిగిందో చెబుతాయి. సంచులు భూమి ఎటువైపు ఉందో, మనం ఎటు కదులుతున్నామో చెబుతాయి. ఒక వాటాని పాడుచేసిన కారణం రెండోదాన్నీ పాడుచేసే అవకాశం చాలా ఎక్కువ. తీవ్రమైన వినికిడి లోపం ఉన్న పిల్లల్లో బ్యాలెన్స్ లోపం ఎంతమందికి ఉంటుందంటే అధ్యయనాన్ని బట్టి 20 నుంచి 70 శాతం దాకా లెక్కలు ఉన్నాయి. అయినా వినికిడి పరీక్ష చేయించిన ప్రతి పిల్లకీ బ్యాలెన్స్ పరీక్ష చేయించే అలవాటు ఇప్పటికీ లేదు. ఇది నన్ను బాధపెట్టే విషయం.

కళ్ళు తిరగకపోవడం అనే గుర్తు కొత్తదేం కాదు. 1882లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 519 మంది బధిరులను గిరగిరా తిప్పి చూస్తే 186 మందికి అసలు కళ్ళు తిరగలేదు. మరో 134 మందికి ఏదో కొద్దిగా తిరిగినట్టు అనిపించింది. పోల్చి చూడడానికి హార్వర్డ్‌లో దాదాపు 200 మంది విద్యార్థులనూ అధ్యాపకులనూ తిప్పితే, కళ్ళు తిరగనిది ఒక్కరికే. తర్వాత 1950ల చివర్లో అమెరికా నావికాదళం, నాసా కలిసి బధిరుల కోసం నడిచే గాలొడెట్ కాలేజీకి చెందిన 11 మంది బధిరుల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాయి. వాళ్ళలో పదిమందికి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వల్ల వినికిడి పోయింది, దాంతో పాటే బ్యాలెన్స్ భాగమూ పోయింది. వాళ్ళలో నలుగురిని తిరిగే గదిలో 12 రోజులు ఉంచినా వికారం రాలేదు. అల్లకల్లోలమైన సముద్రంలో ఓడ ఎక్కిస్తే పరిశోధకులు వాంతులు చేసుకున్నారు, వీళ్ళు కూర్చుని పేకాడుకున్నారు. వాళ్ళమ్మ గర్వపడిన సంగతీ ఇదే. కళ్ళు తిరగాలంటే తిరిగానని చెప్పే అవయవం పనిచేయాలి కదా.

ఆ రోజే ఫోమ్ పరీక్ష చేశాను. గట్టి నేల మీద కళ్ళు తెరిచి 30 సెకన్లు నిలబడింది. కళ్ళు మూసినా 30 సెకన్లు, కాకపోతే బాగా ఊగింది. మెత్తటి ఫోమ్ మీద కళ్ళు తెరిచి 18 సెకన్లు. ఫోమ్ మీద కళ్ళు మూస్తే రెండే సెకన్లు. ఆ పడడం చూసి తీరాలి. మామూలుగా పడబోయే పిల్లలు చేతులు చాస్తారు, అడుగు వేస్తారు, ఏదో ఒకటి చేస్తారు. ఈ పాప నరికిన చెట్టులా వాలిపోయింది. పడుతున్నానని తనకి తెలియనే లేదు. రెండు చేతులూ చాచి సిద్ధంగా ఉన్నాను కాబట్టి పట్టుకోగలిగాను.

తర్వాత నా ముక్కు వైపే చూస్తూ ఉండమని, తలని రెండు పక్కలకీ చిన్నగా, చటుక్కున కదిపాను. మామూలుగా అయితే చూపు ముక్కు మీదే అతుక్కుని ఉంటుంది. పాప కళ్ళు తలతో పాటే పక్కకి వెళ్ళిపోయి, ఒక్క క్షణం ఆలస్యంగా వెనక్కి ఎగిరి వచ్చాయి. రెండు వైపులా అదే జరిగింది. బోర్డు మీది లైను ఎందుకు తప్పిపోతోందో అప్పుడు అర్థమైంది. తల పైకెత్తి బోర్డు చూసి, దించి పుస్తకం చూసే ప్రతిసారీ ఆమెకి అక్షరాలు జారిపోతున్నాయి.

వీడియో హెడ్ ఇంపల్స్ (తల కదిపినప్పుడు కళ్ళ కదలికని కెమెరాతో కొలిచేది), కెలోరిక్ (చెవిలోకి వేడి, చల్లదనం పంపి చూసేది) పరీక్షలకి పంపాం. రెండు వైపులా నాళాలు దాదాపు పనిచేయడం లేదని వచ్చింది.

ముందుకు వెళ్ళేముందు ఆగాల్సి వచ్చిన చోటు

ఈ రిపోర్టు చేతికి రాగానే వ్యాయామాలు మొదలుపెట్టలేదు. పుట్టుకతో పూర్తి చెవుడు, బ్యాలెన్స్ లేదు, నడక 18 నెలలు దాటాక, చీకట్లో భయం: ఈ నాలుగూ కలిస్తే అషర్ సిండ్రోమ్ మొదటి రకం ఉందేమో చూడాలి. అందులో కంటి రెటీనా కూడా క్రమంగా దెబ్బతింటుంది, రేచీకటితో మొదలవుతుంది. పాప చీకట్లో పడిపోతున్నది బ్యాలెన్స్ లేకనా, కళ్ళు కనబడకనా అన్నది నా పరీక్షలతో తేలదు. మామూలు కంటి పరీక్షలో మొదట్లో ఏమీ కనబడకపోవచ్చు కాబట్టి ఎలక్ట్రోరెటినోగ్రామ్ (వెలుగుకి రెటీనా స్పందనని కొలిచే పరీక్ష) కూడా చేయమని కంటి డాక్టరుకి రాశాను. ఈసీజీ కూడా తీయించాం. పుట్టుచెవుడుతో పాటు గుండె లయ దెబ్బతినే జెర్వెల్-లాంగే నీల్సన్ సిండ్రోమ్ అరుదైనదే అయినా ప్రాణాంతకం. "పడిపోయింది" అన్న మాట వెనక స్పృహ తప్పడం దాగి ఉంటే నేను జీవితాంతం నన్ను క్షమించుకోలేను.

ఫలితాలు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. రెటీనా మామూలుగా ఉంది. గుండె మామూలుగా ఉంది. జన్యు పరీక్షకి సలహా ఇచ్చాం. కంటి పరీక్ష మాత్రం ఏటా చేయించాలని అనుకున్నాం.

వాళ్ళ నాన్న ఒకే ప్రశ్న అడిగారు: "ఆపరేషన్ వల్ల పోయిందా మేడమ్?" ఇంప్లాంట్ సర్జరీ వల్ల బ్యాలెన్స్ దెబ్బతినే అవకాశం కొంత ఉన్నమాట నిజమే. కానీ ఆపరేషన్ జరగని ఎడమ చెవి కూడా పనిచేయడం లేదు. పైగా మెడ, కూర్చోవడం, నడక ఆలస్యమైంది ఆపరేషన్‌కి ఎంతో ముందు. ఈ రెండూ చూపించి, పుట్టుకతోనే లేదని చెప్పాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాలుగేళ్లుగా మోస్తున్న బరువు అది.

రెండో ప్రయత్నం: పాఠ్యపుస్తకం ప్రకారం

రోగం దొరికింది, దానికి వైద్యం ఉంది. బ్యాలెన్స్ లోపం ఉన్న పిల్లల్లో వ్యాయామాలు పనిచేస్తాయని 2004లో రైన్ అనే పరిశోధకురాలి బృందం చూపించింది. వాటి వల్ల శరీర కదలికల్లో రానురాను పెరిగే వెనకబాటు ఆగింది. నేను ఆ ధైర్యంతో మొదలుపెట్టాను. చూపు నిలిపే వ్యాయామం, ఫోమ్ మీద నిలబడడం, గట్టి నేల మీద కళ్ళు మూసుకోవడం, ఆ తర్వాత ఫోమ్ మీద కళ్ళు మూసుకోవడం.

మొదటి సెషన్ భయంభయంగా గడిచింది. రెండోదానికి ఏడ్చింది. మూడోదానికి వాళ్ళమ్మ ఒడి దిగలేదు.

నేను ఎదురుగా నేల మీద కూర్చుని, ఒక్కసారి కళ్ళు మూసుకో అని సైగ చేశాను. పాప దిగి నా దగ్గరికి వచ్చింది. నా రెప్పల మీద వేళ్ళు పెట్టి కిందికి లాగింది. "నువ్వు మూసుకో" అని అర్థం. మూసుకున్నాను. తర్వాత రెండు అరచేతులూ నా చెవుల మీద గట్టిగా అదిమి పెట్టింది.

అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఏం జరగబోతోందో తెలియదు. గదిలో ఎవరున్నారో తెలియదు. నాకు ఆ గదితో ఉన్న ఒకే ఒక్క సంబంధం ఆ రెండు చిన్న చేతులు. అవి కూడా తీసేస్తే ఎలా ఉంటుందో ఊహించడానికి నాకు పెద్ద కష్టం పడాల్సిన పని లేకపోయింది. కళ్ళు తెరిచేసరికి పాప నా మొహంలోకే చూస్తోంది. అర్థమైందా అన్నట్టు.

ఆ సాయంత్రం కూర్చుని నా ప్లాన్ మళ్ళీ చదివాను. అందులో రెండు తప్పులున్నాయి.

ఒకటి, శరీర ధర్మం తప్పు. బ్యాలెన్స్ భాగంలో కొంతైనా మిగిలి ఉంటే, దాన్ని పనిలో పెట్టడానికి మిగతా దారులు మూయడంలో అర్థం ఉంది. ఈ పాపకి మిగిలింది దాదాపు సున్నా. మనిషి నిలబడడానికి మూడు ఆధారాలు: కళ్ళు, పాదాలూ కీళ్ళూ ఇచ్చే స్పర్శ, లోపలి చెవి. మూడోది లేని పిల్లకి ఫోమ్ వేసి స్పర్శని మసకబార్చి, కళ్ళు మూయించి చూపునీ తీసేస్తే ఇక దేనికి శిక్షణ ఇస్తున్నట్టు? నేను పరీక్షని వ్యాయామంగా వాడాను. చేయాల్సింది ఉన్న రెండు ఆధారాలను గట్టిపరచడం.

రెండోది ఇంకా పెద్దది. ఈ పాప కళ్ళు మూడు ఉద్యోగాలు చేస్తున్నాయి. నిలబెడుతున్నాయి. భాషను అందుకుంటున్నాయి. చుట్టుపక్కల ఏం జరుగుతోందో కాపలా కాస్తున్నాయి. వినపడే పిల్లలకి కళ్ళు మూసుకోమంటే చూపు ఒక్కటే పోతుంది. థెరపిస్ట్ గొంతు చెవిలో ఉంటుంది, "ఇక్కడే ఉన్నాను, పడవు" అని. ఈ పాప ఇంప్లాంట్‌తో వింటుంది, నిజమే. కానీ గదిలో నలుగురి శబ్దాల మధ్య, భయంలో, పెదాలూ చేతులూ కనబడకుండా ఆమెకి అందేది చాలా తక్కువ. చూపు నిలిపే వ్యాయామంలోనూ ఇదే జరిగింది. చేతిలో కార్డు వైపే చూడమంటూ, ఇంకో చేత్తో సైగలు చేశాను. చూడాల్సింది ఒకచోట, వినాల్సింది ఇంకోచోట. పాప రెండింటి మధ్యా చూపు తిప్పుతుంటే నేను శ్రద్ధ లేదని రాసుకున్నాను. స్కూలు వాడిన మాటే నేనూ వాడాను.

పనిచేసినవి

ముందు స్పర్శతో ఒక భాష కుదుర్చుకున్నాం. కళ్ళు తెరిచి ఉండగానే, ఆటలాగా. భుజం మీద ఒక తట్టు అంటే కళ్ళు తెరువు. రెండు తట్లు అంటే అడుగు వెయ్యి. వీపు మీద అరచేయి ఆనించి ఉంచితే "ఇక్కడే ఉన్నాను". పాప నా భుజం తడితే నేను కూడా పాటించాలి. అది ఆమె పెట్టిన షరతు. ఆ షరతు వల్లే ఆమె మళ్ళీ గదిలోకి వచ్చిందని నా నమ్మకం. రెండు వారాల పాటు కళ్ళు మూయమని అడగనే లేదు. మూడో వారం ఆమే మూసుకుంది.

తర్వాత వేలికొన. 1994లో జెకా, లాక్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అందమైన విషయం చూపించారు. ఒక్క వేలు కదలని వస్తువుకి ఊరికే ఆనించినా ఒళ్ళు ఊగడం బాగా తగ్గుతుంది. ఆ వేలి మీద పడే ఒత్తిడి ఒక న్యూటన్ కన్నా తక్కువ, అంటే దాదాపు వంద గ్రాముల బరువంత కూడా కాదు. అది ఊతం కిందకి రాదు. శరీరం ఎటు కదులుతోందో ఆ వేలు మెదడుకి చెబుతుంది, అంతే. పాప ఎప్పుడూ గోడకి ఆనుకుని ఉండడానికి కారణం ఇదే. దాన్ని మాన్పించే బదులు నేర్పుగా వాడడం నేర్పాం. మొదట అరచేయి, తర్వాత రెండు వేళ్ళు, తర్వాత ఒకే వేలు. గోడ మధ్యలో ఒక పల్చటి కాగితం వేలాడదీసి, అది ముడత పడకుండా తాకుతూ నడవాలి అన్నాను. ఆ కాగితం ఆట ఆమెకి ఎంత ఇష్టమంటే, ముడత పడితే తనే మొదటి నుంచి మొదలుపెట్టేది.

పాదాల దగ్గరికి వచ్చేసరికి నేను కొంచెం జాగ్రత్తపడ్డాను. వినపడని వాళ్ళకి స్పర్శ ఎక్కువ పదునుగా ఉంటుందని అందరూ అంటారు. కొంత నిజం ఉంది. పుట్టుకతో బధిరుడైన ఒక మనిషిలో కంపనాలు తగిలినప్పుడు శబ్దాలను చూసే మెదడు భాగం స్పందించడాన్ని 1998లో ఫిన్లాండ్ పరిశోధకులు నమోదు చేశారు. చిన్నప్పుడే వినికిడి పోగొట్టుకున్న స్కాటిష్ సంగీతకారిణి ఎవెలిన్ గ్లెన్నీ చెప్పులు లేకుండా, నేలలోంచి వచ్చే కంపనాలు అందుకుంటూ డ్రమ్స్ వాయిస్తారు. కానీ 2012లో వచ్చిన మరో అధ్యయనం, పుట్టుచెవుడు ఉన్న కొందరు యువకుల్లో చర్మ స్పర్శ మామూలు కన్నా మొద్దుగా ఉందని చెప్పింది. చెవిలోనూ చర్మంలోనూ కదలికని పసిగట్టే యంత్రాంగానికి కొన్ని జన్యువులు ఉమ్మడి కావడం ఇందుకు కారణం కావచ్చు. అందుకని ఏ పాపకి ఆ పాపని పరీక్షించుకోవాల్సిందే. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే కంపించే లోహపు పనిముట్టు) కాలి బొటనవేలి మీద పెట్టాను. నా వేలికి దాదాపు ఆగిపోయిందనిపించాక కూడా ఆమె "ఇంకా ఉంది" అని తలూపింది. పాదాల మీద ఆధారపడవచ్చు అని అప్పుడు నిర్ణయించుకున్నాను.

బూట్లు విప్పించాం. వట్టి పాదాలతో నిలబడినప్పుడు గమనిస్తే, వేళ్ళన్నీ ముడుచుకుని నేలని పట్టుకుంటున్నాయి, గోళ్ళ చుట్టూ తెల్లబడేంత గట్టిగా. స్కూల్లో కాళ్ళు నేలకేసి కొట్టడం కూడా దీని కొనసాగింపే అని నా అభిప్రాయం. నేల ఎక్కడుందో అంత గట్టిగా అడిగితే గానీ ఆమెకి జవాబు రావడం లేదు. చదరంగా ఉన్న చెక్క వేదిక ఒకటి తెప్పించి, ఒక చివర పాపని నిలబెట్టి, ఇంకో చివర డ్రమ్ము పెట్టాను. దరువు ఉన్నంతసేపు నడవాలి, ఆగితే ఆగాలి. చూపు నా మీద పెట్టాల్సిన అవసరం లేదు. కళ్ళకి ఒక ఉద్యోగం తగ్గింది. రెండు వారాల్లో ముడుచుకున్న వేళ్ళు విచ్చుకోవడం చూశాను. పాదం మొత్తం నేలకి ఆనడం మొదలైంది.

చూపు నిలిపే వ్యాయామానికి అక్షరాల కార్డు నా గడ్డం కింద పట్టుకున్నాను. చూడాల్సినదీ, మాట అందేదీ ఇప్పుడు ఒకే చోట ఉన్నాయి. నిమిషం నిమిషం చొప్పున, రోజుకి నాలుగైదు సార్లు.

ఇంట్లో, స్కూల్లో చేసిన మార్పులు చిన్నవే అయినా పడిపోవడం తగ్గడంలో సగం వాటా వాటిదే. వెనక నుంచి భుజం తట్టడం మానేయమన్నాను. పిలవాలంటే నేల మీద పాదంతో తట్టాలి, లేదా ముందుకు వచ్చి కనబడాలి. తిరగాలంటే ముందు పాదాలు, తర్వాత తల అని పాపకి నేర్పాం. పడక గది నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు. తలస్నానానికి స్టూలు మీద కూర్చోబెట్టి, వీపు అమ్మకి ఆనించి, ఒక అరచేయి గోడ మీద పెట్టించి, నీళ్లు పోసేముందు భుజం మీద రెండు తట్లు. స్కూల్లో బోర్డు మీది పాఠం కాగితం మీద రాసి బల్ల మీదికే ఇస్తున్నారు. టీచరుకి తల కదిపే పరీక్ష వీడియో చూపించాను. ఆవిడ కళ్ళలో నీళ్లు తిరిగాయి. "రోజూ తిట్టానండీ" అన్నారు. ఆ రోజు నుంచి ఆ క్లాసులో పాపకి నా కన్నా ఆవిడే పెద్ద థెరపిస్ట్.

ఒక హెచ్చరిక మాత్రం కుటుంబానికి కాగితం మీద రాసి ఇచ్చాను. ఈత. నీళ్ళలో మునిగితే పాదాల కింద నేల ఉండదు, కళ్ళు మూస్తే చూపు ఉండదు, లోపలి చెవి ముందే లేదు. పైకి ఏ దిక్కో తెలియదు. విలియం జేమ్స్ కూడా 1882లోనే ఈ ప్రమాదాన్ని ప్రస్తావించాడు. తల మీద నీళ్లు పడితే భయమే అయినా, నీళ్ళలో ఆడడమంటే పాపకి ప్రాణం కాబట్టి వద్దనలేదు. నడుము లోతు దాటకుండా, చేతికి అందేంత దూరంలో ఒక పెద్ద మనిషి ఎప్పుడూ ఉండేలా ఒప్పుకున్నారు.

తొమ్మిది నెలల తర్వాత

పడిపోవడం వారానికి మూడు నాలుగు నుంచి రెండు వారాలకి ఒకటికి తగ్గింది. తలకి దెబ్బ ఒక్కటీ తగల్లేదు. ఫోమ్ మీద కళ్ళు తెరిచి 30 సెకన్లు నిలబడుతోంది.

ఫోమ్ మీద కళ్ళు మూసుకుంటే మూడు సెకన్లు. అంటే ఒక్క సెకను పెరిగింది. ఆ అంకె ఒక్కటే చూసే రివ్యూ అధికారి ఎవరైనా నా చికిత్స విఫలమైందని రాస్తారు. ఇక ముందు కూడా అది పెద్దగా పెరగదని తల్లిదండ్రులకి ముందే చెప్పాను. కాకపోతే ఇప్పుడు పడేటప్పుడు ఆమె చేతులు ముందుకు వస్తున్నాయి. వీపు మీద నా అరచేయి ఉంటే, అదే ఫోమ్ మీద పదకొండు సెకన్లు.

ఎడమ చెవికి కూడా ఇంప్లాంట్ వేయాలా అన్న చర్చ ఇప్పుడు నడుస్తోంది. ఎడమ వైపు బ్యాలెన్స్ పనిచేస్తుంటే, ఉన్న ఒక్కదాన్నీ ఆపరేషన్‌తో పోగొట్టుకునే ప్రమాదం గురించి గట్టిగా ఆలోచించాల్సి వచ్చేది. పరీక్ష చేయించబట్టి, పోగొట్టుకోవడానికి అక్కడ దాదాపు ఏమీ లేదని సర్జన్‌కి ముందే తెలుసు. మొదటి ఇంప్లాంట్‌కి ముందు ఈ పరీక్ష జరగలేదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే బధిర పిల్లలందరికీ మొదటి రోజే ఫోమ్ పరుస్తున్నాను, తల కదిపి చూస్తున్నాను. ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు నడిచింది అని అడగడంతో పాటు, తిరిగితే కళ్ళు తిరుగుతాయా అని కూడా అడుగుతున్నాను. అన్నీ కలిపి పది నిమిషాలు.

పాప ఇప్పుడు సైకిల్ అడుగుతోంది. బ్యాలెన్స్ భాగం లేని పిల్లలకి అది కష్టమైన పనుల్లో ఒకటి. మొదట వద్దనే అనుకున్నాను. తర్వాత పెడల్స్ ఊడదీసి, సీటు కిందికి దించి, రెండు పాదాలూ నేలకి ఆనేలా చేసి ఇచ్చాం. మధ్యాహ్నం వెలుతురులో, గట్టి నేల మీద, హెల్మెట్‌తో, పాదాలతో నెట్టుకుంటూ వెళుతోంది. పోయిన వారం రెండు పాదాలూ పైకెత్తి నాలుగు గజాలు జారింది. ఆగి, వెనక్కి తిరిగి, ముందు పాదాలు తిప్పి తర్వాత తల తిప్పి, నేను చూశానా లేదా అని చూసింది.